స్పితి ట్రిప్ ప్యాకేజీ: గైడ్ సూపర్, బండి దండగ
హిమాచల్ ప్రదేశ్ హిమాలయాలల్ల ఉండే స్పితికి పోనీకి పాలమూరులనే ఒక ట్రావెల్స్‌ల బుక్ చేసినం, బండి సీట్లు విరిగినయ్, దుప్పట్లు సరిపోలే, దాని గురించి ఇగ చెప్ప. అక్కడి గైడన్న మాత్రం సూపర్! లాంగ్జా ఊరు 4,000 మీటర్ల పైన ఉంటది, ఆడ నల్లటి షేల్ రాళ్లల్ల నత్తల లెక్క ఉండే అమ్మోనైట్లు, అంటే ఎన్నడో సచ్చి రాయిలెక్క అయిన సముద్రపు జీవులు, చూపిచ్చిండు, మనం సాలగ్రామం అంటమే అవే, ఒకప్పుడు అదంతా టెథిస్ సముద్రం అడుగంట, దాదాపు 5 కోట్ల ఏండ్ల కింద మన దేశమున్న భూమి పలక పోయి ఆసియాను గుద్దుకుంటే పైకి లేసింది. మన గ్రానైట్ గుట్టలేమో 250 కోట్ల ఏండ్లయి, వాటి ముంగట హిమాలయాలు పోరగాళ్లే. స్పితి మట్టి చేతుల వడితే అంతా రాళ్లపొడే, పగుళ్లల్ల నీళ్లు గడ్డకట్టి రాయిని చీలుస్తయంట, చెట్టే లేకపాయె ఇగ ఆకు కుళ్లి సారమెట్ల వస్తది, మన చెల్కలే నయం. అయినా బఠానీ పండిస్తున్నరు! 4 స్టార్లు, ఒకటి బండికి కోసిన.