గండికోట నీళ్లలో పిల్లలు, జమ్మలమడుగు లాడ్జిలో మేము

ముందు డబ్బు వాపసు సంగతి చెప్పాలి. గండికోటలో మా పిల్లల్ని కయాకింగ్‌కు, అంటే తెడ్డు వేసుకుంటూ చిన్న పడవ నడపడానికి, తీసుకెళ్లిన గైడు, గాలి లేచిందని సాయంత్రం విడత ఆపేసి, తలకు 600 చొప్పున 1,200 రూపాయలు మేము అడక్కముందే తిరిగిచ్చాడు. విహారయాత్రలవాళ్ల చేతిలో పడిన డబ్బు వెనక్కి రావడం నేనెప్పుడూ చూడలేదు. అదే ప్రయాణంలో జమ్మలమడుగులో ఒక లాడ్జివాడు మా దగ్గర గుంజిన డబ్బు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ ఇద్దరి గురించీ రాయాలనే కూర్చున్నాను.

మాది ప్రొద్దుటూరు. మా పాప పదో తరగతి, మా అక్క కొడుకు తొమ్మిదో తరగతి. వీళ్లకు ఈ పిచ్చి ఎక్కించింది మా ఆడబిడ్డ కొడుకు. వాళ్లు అమెరికాలో మిన్నెసోటాలో ఉంటారు. కెనడా సరిహద్దులో బౌండరీ వాటర్స్ అని పది లక్షల ఎకరాలకు పైగా అడవి, అందులో వెయ్యికి పైగా సరస్సులు. వేసవిలో మావాళ్ల ఈడు పిల్లల్ని గైడ్లు కనూలనే తెడ్డు పడవల్లో అక్కడికి తీసుకెళ్తారట. చాలా సరస్సుల్లో మోటారు పడవలకు అనుమతే లేదు. ఒక సరస్సు అయిపోతే పడవను భుజాల మీదికెత్తుకుని, అడవి దారిన నడిచి, ఇంకో సరస్సులో దించుకోవాలి. ఒక జట్టులో తొమ్మిది మందికి మించకూడదు, నాలుగు పడవలకు మించకూడదు, అది అక్కడి అటవీ శాఖ నిబంధన. ఆ పిల్లోడు వీడియో కాల్లో అరచేతుల్లో కాయలు చూపిస్తుంటే మావాళ్లిద్దరూ నోరు తెరుచుకుని చూశారు. ఆ రోజు నుంచి ఇంట్లో ఒకటే పోరు.

మా అత్త మాత్రం గట్టిగా అడ్డం పడింది. "ఈతే రాని పిల్లను యా నమ్మకంతో నీళ్లల్లోకి తోలుతావు? కచ్చులూరు కాడ ఏమైందో మర్సిపోతివా?" అంది. 2019 సెప్టెంబరులో గోదావరిలో టూరిస్టు బోటు మునిగినప్పుడు ఆమె రోజుల తరబడి టీవీ ముందునుంచి లేవలేదు. ఆమె భయాన్ని నేను తీసిపారెయ్యలేదు. తొమ్మిది మంది నిబంధన వినగానే నాకూ అదే తోచింది. గైడు ఎంతమందిని చూసుకోవాలో మొదట అది తేలాలి, ధర తర్వాత.

గండికోటలో ఇలాంటి క్యాంపులు నడిపేవాళ్లు చాలామందే ఉన్నారు. ఫోన్లో మొదట మాట్లాడినాయన ఒక రాత్రి టెంటు, రెండు పూటలు కయాకింగ్, భోజనాలతో తలకు 2,800 అన్నాడు. ఒక గైడుకు ఎంతమంది పిల్లలని అడిగితే, "ఎంతమంది వచ్చినా పర్లేదు మేడం, మా బాయ్స్ ఉంటారు" అన్నాడు. ఒక ఆదివారం పోయి చూశాం. లైఫ్ జాకెట్లన్నీ ఒకే సైజు, పెద్దవాళ్లవి. రెండింటికి బకిల్స్ ఊడిపోతే పురికొసతో కట్టారు. మా అక్క కొడుకు సన్నగా ఉంటాడు. వాడికి ఒకటి తొడిగి భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే చెవులు దాటి వచ్చేసింది. నీళ్లలో పడినా అంతే, జాకెట్టు పైకి తేలుతుంది, పిల్లోడు కిందికి జారతాడు. అక్కడున్న కుర్రాడు "ఈడ లోతు లేదు మేడం" అన్నాడు. కారెక్కి వచ్చేశాం.

రెండో ఆయన 4,200 చెప్పాడు. మా ఆయనకు అది ఎక్కువనిపించింది. నాకు మాత్రం ఆయన మమ్మల్ని అడిగిన ప్రశ్నలు నచ్చాయి. ఆయాసం ఉందా, మూర్ఛ ఉందా, ఏవైనా మందులు వాడుతున్నారా, ఈత ఎంతవరకు వచ్చు, కళ్లద్దాలుంటే వెనక తాడు కట్టుకొస్తారా? ఆరుగురు పిల్లలకు ఒక గైడు, వెనకే ఒక మోటారు పడవ. ఆడపిల్లల టెంట్ల దగ్గర రాత్రంతా ఒకామె ఉంటుంది. జాకెట్టుకు విజిల్ కట్టి ఉంటుంది. మొదటి గంట ఒడ్డున మోకాలి లోతులోనే. పడవను కావాలనే తిరగేయించి, మళ్లీ ఎక్కడం వచ్చిందాకా ముందుకు కదలనివ్వడు. కనూలో ఒంటి రెక్క తెడ్డుంటే, కయాక్‌లో తెడ్డుకు రెండు వైపులా రెక్కలుంటాయి. కొత్తవాళ్లకు ఇదే సులువట. తల్లిదండ్రులు వెంట రాకూడదని కూడా ముందే చెప్పాడు. అమ్మానాన్నలు ఒడ్డున నిలబడి కేకలేస్తుంటే పిల్లలు గైడు మాట వినరట. సరేనని మేము జమ్మలమడుగులో రూము తీసుకున్నాం.

ఆ రూము సంగతి. ఫోన్లో 1,200, ఏసీ, వేన్నీళ్లు అన్నారు. పోయాక కౌంటర్లో కూర్చున్నాయన తలెత్తకుండా 1,800 అన్నాడు. అదేమంటే వారాంతం రేటంట. సరే, కట్టాం. రూములో ఏసీ రిమోట్ లేదు. కింద అడిగితే "ఏసీ కావాలంటే 400 ఎక్స్‌ట్రా" అన్నాడు. ఫోన్లో చెప్పింది మీరే కదా అంటే, "ఫోన్లో ఎవురు మాట్లాడినారో నాకేం తెలుసు?" అన్నాడు. వేన్నీళ్లు పొద్దున ఆరు నుంచి ఏడు వరకే, అదీ బకెట్టుతో మనమే కిందినుంచి మోసుకోవాలి. దుప్పటి మీద మరకలు చూసి మార్చమంటే, అదే దుప్పటిని తిరగేసి పరిచిపోయాడు. బిల్లు అడిగితే తెల్లకాగితం మీద అంకె రాసిచ్చాడు, పేరు లేదు, సంతకం లేదు.

మా ఆయన మామూలుగా శాంతంగా ఉండే మనిషి. ఆ రాత్రి నాతో కూడా మాట్లాడలేదు. ఏసీ డబ్బుతో కలిపి మొత్తం 2,200 కట్టి కూడా, చెమటలు కక్కుతూ, దోమలను తోలుకుంటూ పడుకున్నాం. ఊరిమీదికి వచ్చే కుటుంబాలంటే ఆ కౌంటర్ మనిషికి ఇంత లెక్కలేనితనం ఎందుకో నాకు అర్థం కాదు. కోట దగ్గరే పర్యాటక శాఖవారి హరిత హోటల్ ఉంది. శని, ఆదివారాలైతే ముందే బుక్ చేసుకోండి. అక్కడ రూము దొరక్కపోతే రాత్రికి ప్రొద్దుటూరు వెళ్లిపోండి. జమ్మలమడుగులో ఫోన్ మాట నమ్మి మాత్రం దిగొద్దు, రేటును మెసేజిలో రాయించుకోండి.

ఇంక గాలి సంగతి. అది ఆ లాడ్జి రాత్రికి ముందు, అదే రోజు మధ్యాహ్నం. మేము కోట మీద లోయ అంచున ఉన్నాం. మూడు దాటాక గైడు ఫోన్ చేసి, సాయంత్రం పిల్లల్ని నీళ్లలోకి దించడం లేదన్నాడు. మా ఆయన "ఎండ బాగానే ఉంది కదా, 4,200 కట్టింది ఎందుకు?" అని గట్టిగానే అన్నారు. గైడు గొంతు పెంచలేదు. "సార్, రెండు పక్కలా నిలువు బండలు. గాలి లోయలో దూరితే బయటికంటే రెట్టింపు కొడతాది. పడవ తిరగబడితే పిల్లలు ఎక్కేదానికి ఒడ్డు యాడుంది? రేపు పొద్దున ఆరుంబావుకు దిగుతాం, గాలి లేసేలోపల వచ్చేస్తాం" అన్నాడు.

ఆ లోయలోని నీళ్లు మైలవరం జలాశయం వెనక జలాలు. పైన గండికోట డ్యామ్. పైనుంచి నీళ్లు వదిలితే కింద నీటిమట్టం, ప్రవాహం రెండూ మారతాయి కాబట్టి, అదీ రోజూ కనుక్కునే దిగుతారట. మేము పైనుంచి చూస్తుండగానే వేరే గుంపు ఒకటి నీళ్లలో కనిపించింది, అందరూ కాలేజీ పిల్లలు. గాలి జోరుకు రెండు కయాకులు అడ్డం తిరిగి బండల వైపు కొట్టుకుపోయాయి. వాళ్లు తెడ్లు వేస్తున్నా పడవలు వెనక్కే పోతున్నాయి. చాలాసేపటికి ఒక మోటారు పడవ వచ్చి తాడు కట్టి లాక్కెళ్లింది. ఎవరికీ ఏమీ కాలేదు. మా ఆయన నా చెయ్యి పట్టుకుని, వాళ్లు మలుపు తిరిగేదాకా వదల్లేదు. తర్వాత క్యాంపుకు పోయి గైడుకు దండం పెట్టారు. ఆ 1,200 ఆయన మా చేతిలో పెట్టింది అప్పుడే.

క్యాంపులో పిల్లల ఫోన్లు ఒక సంచిలో వేసి కట్టేశారు. పొద్దుపోని సాయంత్రం పిల్లలతోనే వంట చేయించారు. రాగి సంగటి, చెనక్కాయ పచ్చడి, నాటుకోడి పులుసు. ఇంట్లో సంగటి ముద్ద చూస్తే మొహం తిప్పుకునే మా అక్క కొడుకు, తను గెలికిన సంగటి అని రెండు ముద్దలు తిన్నాడట. ఒక లోపం చెప్పాలి. ఆడపిల్లలకు ఒకటే బాత్రూం, దాని గడియ సరిగా పడదు. 4,200 తీసుకునేవాళ్లు 50 రూపాయల గడియ వేయించాలి. నిర్వాహకుడితో మొహం మీదే చెప్పాను, రాసుకున్నాడు.

మర్నాడు పొద్దున నీళ్ల మీద రెండు గంటలు హాయిగా సాగిపోయాయి. పాప ఒకసారి బోల్తా పడి, నేర్చుకున్నట్టే తిరిగి ఎక్కిందట. తిరుగుదారిలో మాధవరాయ ఆలయం, జామియా మసీదు, ధాన్యాగారం చూశాం. బెలుం గుహలు ఆ రోజు వద్దనుకున్నాం, పిల్లలు కారెక్కగానే నిద్రపోయారు.

పంపాలనుకునేవాళ్లు నవంబరు నుంచి జనవరి లోపల పంపండి. ఏప్రిల్, మే నెలల్లో మన కడప ఎండలకు ఆ బండలు పొయ్యి మీద పెనంలా కాలుతుంటాయి. జీన్స్ వేసి పంపొద్దు, తడిస్తే బరువు. చెప్పులు కాదు, వెనక పట్టీ ఉన్న శాండల్స్ కావాలి. గాలికో వానకో విడత ఆగిపోతే ఎంత వాపసు ఇస్తారో డబ్బు కట్టకముందే అడగండి. ఆ ప్రశ్నకు నవ్వేసేవాళ్ల దగ్గర పిల్లల్ని వదలొద్దు.

మా అక్క రెండోవాడికి పన్నెండేళ్లు. అన్న చెప్పిందంతా విని వాడూ పోతానని ఏడ్చాడు. 5,000 అయినా ఇస్తామని అక్క ఫోన్ చేస్తే, పద్నాలుగు నిండాకే తీసుకుంటానని గైడు తేల్చి చెప్పాడు. మా పాప స్నేహితురాళ్లు నలుగురికి మాత్రం జనవరికి పేర్లు రాయించాం, అడ్వాన్సు తలకు 1,000.