వినియోగదారుల కమిషన్‌లో నాలుగు వారాలు: ఒక కర్నూలు లా విద్యార్థిని సమీక్ష

కర్నూలులో మూడేళ్ల ఎల్.ఎల్.బి. చదువుతున్న నేను గత సెప్టెంబరులో కొన్న వస్తువులు, సేవల మీద ఫిర్యాదులు విని తీర్పు చెప్పే వినియోగదారుల కమిషన్‌లో, సీమలోని ఒక జిల్లాలో, నాలుగు వారాలు ఇంటర్న్‌షిప్ చేశాను. లోపాలు కూడా చెప్పవలసి ఉన్నందున అది ఏ జిల్లాదో రాయడం లేదు. బార్ కౌన్సిల్ 2008 నియమాల ప్రకారం మూడేళ్ల కోర్సువారు 12 వారాలు, ఐదేళ్ల కోర్సువారు 20 వారాలు ఇంటర్న్‌షిప్ పూర్తి చేయాలి. ఏ ఏడాదిలోనూ వరుసగా నాలుగు వారాలకు మించి చేయడానికి వీల్లేదు. మాలో చాలామంది ఈ వారాలను తెలిసిన వకీలుగారి ఆఫీసులో ఒక సంతకంతో ముగించుకుంటారు. పని నేర్చుకోవాలన్న పట్టుదల ఉన్నవారికి మాత్రం కమిషన్‌ను నేను గట్టిగా సిఫారసు చేస్తాను. అయితే అక్కడ ఎక్కడ కూర్చోవాలో తెలుసుకుని వెళ్ళాలి.

మొదటి వారం నాకు నిరాశే మిగిల్చింది. ఇంటర్న్‌కు ఏ పని అప్పగించాలో, ఎవరు చూసుకోవాలో అక్కడ ఎవరికీ స్పష్టత లేదు. జిరాక్సులు తీయడం, పాత కట్టలకు పేజీ నంబర్లు వేయడం, మిగిలిన సమయంలో హాలులో వెనక కూర్చుని వాయిదాలు వినడం, ఇంతే. కమిషన్ ఇద్దరు సభ్యులూ సెలవులో ఉండి, కోరం (విచారణకు ఉండవలసిన కనీస సంఖ్య) లేక రెండు రోజులు బెంచ్ కూర్చోలేదు. స్టైపెండ్ లేదు, బస్సు ఛార్జీలు మనవే. అన్నిటికంటే నన్ను బాధించినది మరొకటి ఉంది: ఉత్తర్వులన్నీ ఇంగ్లీషులో ఉంటాయి, గెలిచిన మనిషి తాను ఏం గెలిచాడో గుమాస్తాను అడిగి తెలుసుకోవలసి వస్తుంది.

రెండో వారం నుంచి నేనే అడిగి, ఫిర్యాదులు తీసుకుని పరిశీలించే టేబుల్ దగ్గరకు మారాను. అక్కడే వినియోగదారుల రక్షణ చట్టం నాకు అర్థమైంది. 2019 చట్టం 2020 జూలైలో అమల్లోకి వచ్చిందని క్లాసులో చదివాను గాని, దాని వల్ల సామాన్యుడికి ఏం మారిందో ఆ టేబుల్ దగ్గర కళ్ళారా చూశాను. పాత చట్టం కింద సాధారణంగా అవతలి పార్టీ ఉన్న చోటో, వ్యవహారం జరిగిన చోటో ఫిర్యాదు వేయవలసి వచ్చేది. ఇప్పుడు ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే వేసుకోవచ్చు. ఆన్‌లైన్‌లో కొన్న ఫోను చెడిపోయిన ఎమ్మిగనూరు కుర్రవాడు కంపెనీ ఆఫీసు వెతుక్కుంటూ బెంగళూరు పోనవసరం లేదు. జిల్లా కమిషన్ పరిధి 50 లక్షల రూపాయల వరకు. ఈ లెక్క అడిగే పరిహారాన్ని బట్టి కాక, వస్తువుకు గాని సేవకు గాని చెల్లించిన సొమ్మును బట్టి కట్టాలి. నాతో వచ్చిన తోటి విద్యార్థి మొదటి రోజే ఇక్కడ పొరబడ్డాడు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు ఉంటే ఫీజే లేదు. వకీలును పెట్టుకోవడం తప్పనిసరి కాదు. గొడవ మొదలైన రెండేళ్లలోపు రావాలి, ఆలస్యమైతే తగిన కారణం చూపాలి.

ఒక రోజు డెబ్బయ్యేళ్ల రైతు ఒకాయన ప్లాస్టిక్ కవరు పట్టుకుని వచ్చాడు. అందులో మూడు ఖాళీ పత్తి విత్తనాల ప్యాకెట్లు, నాలుగు మడతలు పెట్టిన ఒక బిల్లు ఉన్నాయి. అది మిషన్ బిల్లు కావడంతో అక్షరాలన్నీ వెలిసిపోయి, కింద షాపు ముద్ర ఒక్కటే మిగిలింది. ప్యాకెట్ల మీది లాట్ నంబర్లు మాత్రం చెక్కుచెదరలేదు. చెట్టు ఏపుగా పెరిగింది గాని కాయ పట్టలేదన్నాడు. విత్తనం నమూనా ఉందా అని టేబుల్ దగ్గరి ఉద్యోగి అడిగారు. ఆయన నా వైపు తిరిగి, "ఇత్తనాలన్నీ చేన్లో ఏసేస్తిమి గదమ్మా, ఇంగ యాడనుంచి తెచ్చేది?" అన్నాడు.

పరీక్ష చేయనిదే తేలని లోపమైతే నమూనాను ల్యాబుకు పంపాలని చట్టం చెబుతుంది. మరి నమూనా లేనివాడి సంగతి ఏమిటని ఆ రాత్రి వెతికితే, జాతీయ విత్తనాల సంస్థకూ మన రాష్ట్ర రైతులకూ మధ్య నడిచిన మధుసూదన్ రెడ్డి కేసులో సుప్రీంకోర్టు 2012లో ఇచ్చిన తీర్పు దొరికింది. విత్తనం కొన్న రైతు వినియోగదారుడేనని, కొన్న విత్తనమంతా రైతు చల్లేస్తాడు గనుక అతని దగ్గర నమూనా మిగలకపోవడం సహజమేనని, కంపెనీయే తన దగ్గరున్న నమూనాను పరీక్షకు ఇవ్వవచ్చునని అందులో ఉంది. ఆ ముసలాయన మాటకూ ఈ తీర్పుకూ ఎంత దగ్గరో గమనించినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. కమిషన్‌లోని ఇంటర్న్ ఏ పార్టీకీ సలహా చెప్పకూడదు. ఏ కాగితం తక్కువైందో చెప్పడం వరకే మన హద్దు. అందుకే నేను ఆ తీర్పును డైరీలో రాసుకున్నాను తప్ప ఆయనకు చెప్పలేదు. బిల్లు తేట ప్రతి షాపు నుంచి, పొలం చూసిన నివేదిక వ్యవసాయ అధికారి నుంచి తెచ్చుకోమని ఉద్యోగి స్వయంగా చెప్పారు. పది రోజుల్లో ఆయన రెండూ తెచ్చాడు.

అమలు పిటిషన్లు, అంటే గెలిచినా అవతలివారు ఉత్తర్వును పాటించలేదంటూ వేసేవి, కూడా కొన్ని చూడండి. ఉత్తర్వును పాటించనివారికి నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, 25 వేల నుంచి లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఈ శిక్షల గురించి నోటీసు అందాకే చెక్కు తెచ్చిన ఒక కంపెనీ ప్రతినిధిని నేను చూశాను.

వెళ్ళదలచినవారు ప్రిన్సిపాల్ లేఖతో నెల రోజుల ముందే దరఖాస్తు పెట్టుకోండి. సర్టిఫికెట్‌లో "హాజరయ్యారు" అన్న ఒక్క మాటతో సరిపెట్టకుండా, చేసిన పనులు రాయించుకోండి. నాది మూడుసార్లు తిరిగితే గాని చేతికి రాలేదు. సీమలో విత్తనాల ఫిర్యాదులు చూడాలనుకుంటే, పైరు తేడా బయటపడే ఆగస్టు, సెప్టెంబరు నెలలు మంచివి.

నా నాలుగు వారాలు ముగిసేనాటికి ఆ రైతు ఫిర్యాదుకు నంబరు పడి, కంపెనీకి నోటీసు వెళ్ళింది. జవాబు వేయడానికి వారికి 30 రోజులు, కమిషన్ అనుమతిస్తే మరో 15 రోజులు ఉంటాయి. అంతకు మించి పొడిగించడానికి వీల్లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లో తేల్చింది. ఆ 45 రోజులు దాటాక వచ్చే వాయిదా తేదీని డైరీ చివరి పేజీలో రాసుకున్నాను. ఆ రోజు కాలేజీకి సెలవు పెట్టి వెళ్ళి వెనక బెంచీలో కూర్చుంటాను.