కారు 65 వేలు, కేజ్ లక్షా 10 వేలు: చెన్నైలో నేను పని చేయించుకున్న షెడ్డు గురించి

2004 మోడల్ మారుతి ఎస్టీమ్ 65 వేలకి కొన్నా, దానికి రోల్ కేజ్ (బోల్తాపడినా టాపు నలగకుండా కారు లోపల బిగించే పైపుల చట్రం) వేయించడానికి లక్షా 10 వేలు పెట్టా. ఈ లెక్క విని మా నాన్న రెండ్రోజులు నాతో మాట్లాడలా. సర్లే. శ్రీపెరంబుదూర్ దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ లో కారు తోలాలని ఎప్పట్నుంచో కోరిక, నెల్లూరు నుంచి పోయి రేసులు చూసి రావడమే గానీ లోపలికి దిగింది లేదు, అందుకే ఈ పాత కారు తీసుకుని చెన్నై శివార్లలో ఒక షెడ్డుకి ఇచ్చా. షెడ్డు పేరు రాయట్లా, రాస్తే మేస్త్రీ ఫోన్ ఎత్తడు. ఇప్పుడూ ఎత్తడనుకోండి.

ముందు మంచి చెప్తా. నేను పోయింది ఇంజిన్ కోసం, క్యామ్ మార్చాలి ఎగ్జాస్ట్ మార్చాలి అని కాయితం మీద రాసుకుని మరీ పోయా. మేస్త్రీ ఆ కాయితం మడిచి నాకే ఇచ్చేసి, వచ్చీరాని తెలుగులో "ముందు స్క్రూటినీ సార్, స్పీడు తర్వాత" అని (స్క్రూటినీ అంటే రేసుకి ముందు చేసే కారు తనిఖీ) ఒక జిరాక్సు కట్ట తీశాడు. ప్రపంచ కారు రేసుల సంస్థ ఎఫ్ఐఏ రూల్స్ లో, అపెండిక్స్ జె లో భద్రత గురించి చెప్పే ఆర్టికల్ 253, ప్రతి పేజీకీ గ్రీజు వేలిముద్రలే. ఆ మరకలు చూసే అడ్వాన్సు ఇచ్చేశా.

మా ఆటోనగర్ లో వెల్డింగ్ ఆయన ఇదే కేజ్ 25 వేలకి చేస్తానన్నాడు. ఏ పైపు అన్నా అంటే గేట్లకి వాడేదే, ఏనుగు తొక్కినా వంగదు అన్నాడు. గేటు పైపంటే రేకుని గుండ్రంగా చుట్టి పొడవునా అతికింది, రూలు అడిగేదేమో అతుకు లేని సీమ్‌లెస్ కార్బన్ స్టీల్, కోల్డ్ డ్రాన్, అంటే వేడి చేయకుండా సాగదీసింది. మెయిన్ హూప్ కి (సీట్ల వెనక నిలువుగా ఉండే పెద్ద ఆర్చి) 45 ఎంఎం పైపు 2.5 మందం, లేదంటే 50 పైపు 2 మందం, మిగతా వాటికి 38 పైపు 2.5 మందం, లేదంటే 40 పైపు 2 మందం. వంచడానికీ లెక్కుంది, వంపు రేడియస్ పైపు వ్యాసానికి మూడింతలకి తగ్గకూడదు, అంటే 45 పైపుకి 135 ఎంఎం. ఒక పైపు వంచేటప్పుడు లోపలి వైపు కొంచెం ముడత పడితే నేను చూడకముందే చెన్నై మేస్త్రీయే తీసి తుక్కులో పడేశాడు, దానికి నా దగ్గర డబ్బులు అడగలా.

ఇంకోటి చెప్పాలి. కేజ్ పైభాగం కారు టాపుకి ఆనుకుని ఉంటుంది కదా, వెల్డింగ్ టార్చ్ ఆ సందులో దూరదు, చాలామంది కింద కనపడేంతవరకు అతికి పైన వదిలేస్తారు. ఈయన ఫ్లోర్ లో కేజ్ కాళ్ల దగ్గర కన్నాలు కోసి కేజ్ మొత్తం కొంచెం కిందికి దించి, పైన చుట్టూతా వెల్డింగ్ పూర్తిచేసి, మళ్లీ ఎత్తి కాళ్ల కింద ప్లేట్లు పెట్టాడు. ప్లేట్ 3 ఎంఎం, 120 చదరపు సెంటీమీటర్లు, కాలికి మూడు ఎమ్8 బోల్టులు, 8.8 గ్రేడువి. అది చూస్తూ రెండు గంటలు ఎండలో నిలబడ్డా, డబ్బులు గుర్తుకు రాలా.

సీటు విషయంలో తప్పు నాదే. బెంగళూరులో ఒకతని దగ్గర బకెట్ సీటు సెకండ్ హ్యాండ్ లో చవగ్గా వస్తే ఎగిరి గంతేసి తెచ్చా, మేస్త్రీ దాన్ని తిరగేసి స్టిక్కర్ చూసి నవ్వాడు. ఎఫ్ఐఏ 8855-1999 స్టాండర్డ్ సీటుకి తయారైన రోజు నుంచి 5 ఏళ్లే, ఇది 9 ఏళ్లనాటిది. బెల్టుల మీదా అట్లాగే గడువు ఉంటుంది, కొనేముందు ఫొటో తెప్పించుకుని చూసుకోండి. ఆ సీటు ఇప్పుడు మా హాల్లో ఉంది, మా వాడు దాంట్లో కూర్చుని వీడియో గేమ్ ఆడుకుంటాడు.

ఇక కడుపుమంట. ఆరు వారాలన్నది నాలుగు నెలలు చేశాడు, అడిగితే వాట్సాప్ లో పాత ఫొటోనే కొత్త యాంగిల్ లో పంపేవాడు. అదైనా ఓర్చుకోవచ్చు, వైరింగ్ ది మాత్రం క్షమించలేను. కటాఫ్ స్విచ్ తిప్పితే మొత్తం కరెంటు పోవాలి, ఇంజిన్ కూడా ఆగాలి, అదీ రూలు. వీళ్ల వైరింగ్ కుర్రాడు రెండు టెర్మినళ్ల మామూలు స్విచ్ పెట్టాడు. స్క్రూటినీలో ఇంజిన్ ఆన్ లో పెట్టి స్విచ్ తిప్పమన్నారు, తిప్పా, ఇంజిన్ హాయిగా తిరుగుతానే ఉంది! బ్యాటరీ పోయినా ఆల్టర్నేటర్ నుంచి ఇగ్నిషన్ కి కరెంటు అందుతుంది కదా, అందుకు. దీనికి ఇగ్నిషన్ లైను కూడా తెంపే ఆరు టెర్మినళ్ల స్విచ్ కావాలి. కేజ్ అంత శ్రద్ధగా చేసినోళ్లు, బోల్తాపడి పెట్రోలు కారుతున్నప్పుడు ప్రాణం కాపాడే స్విచ్ కాడికొచ్చేసరికి ఇట్లా చేస్తారా? పాడాక్ లో (ట్రాక్ పక్కన టీములు కార్లు పెట్టుకునే చోటు) పక్క టీమ్ వాళ్లు స్పేర్ స్విచ్ ఇవ్వబట్టి బతికా. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ కూడా ప్లాస్టిక్ క్లిప్పుతో బిగించారు, రూలు ప్రకారం రెండు మెటల్ స్ట్రాప్ లు ఉండాలి, అవీ అక్కడికక్కడే దొరకబుచ్చుకున్నా.

ఒకటి గుర్తుంచుకోండి, కేజ్ వేసిన కారుని నేను రోడ్డు మీద తోలను, ట్రక్కు మీదే తెచ్చా తీసుకెళ్లా. కేజ్ పైపులకి చుట్టే ఫోమ్ ప్యాడింగ్ హెల్మెట్ పెట్టుకున్న తలకి, ఒట్టి తల చిన్న గుద్దుకే పైపుకి తగిల్తే అంతే సంగతులు. పైగా ఆర్సీలో ఉన్నదానికీ బండికీ పొంతన ఉండదు. ట్రక్కు బాడుగ కూడా బడ్జెట్ లో వేసుకోండి, నేను వేసుకోలా.

కేజ్ కి ఐదుకి ఐదు, వైరింగ్ కి ఒకటి, అదీ మొహమాటానికి. మళ్లీ పోతావా అంటే కేజ్ కైతే పోతా, వైరింగ్ వేరే చోట చేయించుకుంటా. అన్నట్టు ముందూ వెనకా టో హుక్కులకి (ఆగిన కారుని లాగే కొక్కేలు) ఎరుపో పసుపో ఆరెంజో రంగుండాలి కదా, బిల్లులో ఆ పెయింటుకి 300 రూపాయలు రాశాడు. ఆ రంగు వేసింది నేను, స్క్రూటినీ లైన్లో నిలబడి, మా ఆవిడ నెయిల్ పాలిష్ తో.