మూడేళ్ల ఓబీడీ అడాప్టర్ వాడకం: నేను చూసేది ఒక్క అంకే

చెక్ ఇంజన్ లైట్ వెలిగితే కోడ్ నేనే చదువుకోవచ్చని కారులోని ఓబీడీ సాకెట్‌కు తగిలిస్తే ఇంజన్ కంప్యూటర్ అంకెలను ఫోన్‌లో చూపించే ఈ బ్లూటూత్ అడాప్టర్ కొన్నాను. మూడేళ్లలో ఆ లైట్ ఒక్కసారి కూడా వెలగలేదు. అయినా అగ్గిపెట్టెంత ఈ వస్తువు మీద నాకు ఇష్టం పెరుగుతూనే ఉంది. కారణం లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్. ట్రిమ్ అంటే పెట్రోల్ కొలతకు ఇంజన్ కంప్యూటర్ (ఈసీయూ) చేసే దిద్దుబాటు శాతం: ప్లస్ అయితే ఎక్కువ పోస్తోంది, మైనస్ అయితే తగ్గిస్తోంది.

షార్ట్ టర్మ్ ట్రిమ్ క్షణక్షణం ఊగుతుంది. పొగ గొట్టంలోని ఆక్సిజన్ సెన్సార్ చెప్పేదాన్ని బట్టి, ఈసీయూ ఇంజెక్టర్ తెరిచి ఉంచే సమయాన్ని అప్పటికప్పుడు పెంచి తగ్గిస్తుంది. ఆ దిద్దుబాటు ఒకే వైపు కొనసాగితే దాన్ని మెల్లగా లాంగ్ టర్మ్‌లోకి ఎక్కించుకుని గుర్తు పెట్టుకుంటుంది. బండి ఇన్నాళ్లుగా చప్పుడు చేయకుండా దేనితో సర్దుకుపోతోందో అక్కడే బయటపడుతుంది.

అడాప్టర్ కొన్న కొత్తలో నా బండికి +2 ఉండేది. ఇ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్ వచ్చాక +6 దగ్గర నిలిచింది. అందులో వింత లేదు. ఇథనాల్ కలవని పెట్రోల్ ఒక వంతు మండాలంటే బరువు లెక్కన 14.7 వంతుల గాలి కావాలి, ఇ20కి సుమారు 13.5 చాలు. అంటే అంతే గాలికి పెట్రోల్ కాస్త ఎక్కువ పోయాలి.

పోయిన వానాకాలంలో లక్డీకాపూల్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా స్టీరింగ్ వణకడం మొదలైంది. ఫోన్‌లో చూస్తే ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ నడుస్తున్నప్పుడు, లాంగ్ టర్మ్ +17. రెండు నెలలు నేను ఇ20నే తిట్టుకున్నాను, అపార్ట్‌మెంట్‌లో అందరికీ అదే చెప్పాను. వర్క్‌షాప్‌లో చూపిస్తే, "ఆక్సిజన్ సెన్సార్ పోయింది సార్, మార్చాలె. ఇంజెక్టర్లు కూడా క్లీన్ చేపిద్దాం" అన్నారు. కానీ అదే ఫోన్‌లో ఆ సెన్సార్ 0.1 నుంచి 0.9 వోల్టుల దాకా చురుగ్గా ఊగుతూ కనిపిస్తోంది. డబ్బు పెట్టడానికి మనసొప్పలేదు.

ఆదివారం సెల్లార్‌లో బానెట్ ఎత్తి కూర్చున్నాను. ఐడిల్‌లో +17. 2500 ఆర్‌పీఎంకి తీసుకెళ్తే +8. తప్పు పెట్రోల్‌దే అయితే రెండు చోట్లా దాదాపు ఒకేలా పెరగాలి కదా! ఐడిల్‌లోనే ఇంత తేడా ఉందంటే, లెక్కకు రాని గాలి ఎక్కడి నుంచో దూరుతోంది. ఇంజన్ కొంచెం గాలే పీల్చుకునేటప్పుడు ఆ దొంగగాలి పెద్ద వాటా, రేజ్ చేస్తే చిన్న వాటా. నాది మాస్ ఎయిర్ ఫ్లో సెన్సార్ (ఇంజన్‌లోకి వెళ్లే గాలిని కొలిచేది) ఉన్న బండి. ఆ సెన్సార్ దాటాక దూరిన గాలి దాని లెక్కలోకి రాదు, అందుకే దానికి తగ్గ పెట్రోల్‌ను ట్రిమ్ చేర్చాల్సి వస్తుంది.

మా అమ్మాయిని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి అంకెలు చదవమన్నాను. ఒక్కో రబ్బరు గొట్టాన్నీ నొక్కుతూ వచ్చాను. పీసీవీ గొట్టాన్ని (ఇంజన్ లోపలి ఆవిర్లను తిరిగి గాలి దారిలోకి పంపేది) వంపు దగ్గర పట్కారుతో నొక్కగానే అరిచింది: "నాన్నా, షార్ట్ మైనస్ పదకొండు!" లాంగ్ టర్మ్ ఇంకా పాత +17 పట్టుకునే ఉంది, షార్ట్ టర్మ్ దాన్ని కిందికి లాగుతోంది. రెండూ కలిపితే +6, సరిగ్గా నా పాత అంకె. ఆ క్షణంలో కలిగిన సంతోషం ఇప్పటికీ తాజాగానే ఉంది. గొట్టం అడుగున, పైకి కనపడని చోట చీలిక. రాణిగంజ్‌లో 350 రూపాయలకు కొత్తది దొరికింది.

నేర్చుకున్న అంకెలు తుడిచేయడానికి బ్యాటరీ వైరు పీకమని కొందరు సలహా ఇచ్చారు. నేను పీకలేదు. అత్తాపూర్ నుంచి గచ్చిబౌలికి ఆఫీసుకు వెళ్లి వస్తుంటే 17 కాస్తా 12, 9 అవుతూ శుక్రవారానికి 6కి దిగింది. ఈసీయూ తన పాఠం తనే దిద్దుకోవడం చూడాలంటే తొందరపడకూడదు.

ఆ ఊపులో ఈ అడాప్టర్‌ను అందరికీ కొనిపించాను, అక్కడ కొంచెం తగ్గాల్సింది. పక్క ఫ్లాట్ వాళ్ల బండిలో మ్యానిఫోల్డ్ ప్రెషర్ సెన్సార్ (ఇంజన్ గాలి పీల్చే దారిలో ఒత్తిడిని కొలిచేది) ఒక్కటే ఉంది. అలాంటి బండిలో ఇదే లీకు వస్తే ఆ గాలి చాలావరకు లెక్కలో పడిపోతుంది. ఐడిల్ పెరుగుతుంది గానీ ట్రిమ్ అంతగా కదలదు. పైగా ఒకేసారి ఐదారు రీడింగులు పెడితే నా అడాప్టర్ నత్తనడక నడుస్తుంది. దసరాకి ఊరెళ్లి 12 రోజులకు వచ్చేసరికి, సాకెట్‌లోనే వదిలేసినందుకు బ్యాటరీ డౌన్ అయింది. ఇప్పుడు ఇంటికి రాగానే పీకేస్తున్నాను.

వారంటీలో ఉన్న బండికి ఇది ఎంత అక్కరకొస్తుందో చెప్పలేను. నాది తొమ్మిదేళ్ల బండి, ఆదివారాలు ఖాళీగా ఉంటాను, సెల్లార్‌లో వెలుతురు ఉంది. మొన్న ఔటర్ రింగ్ రోడ్డు మీద +9 చూపించింది, ఐడిల్‌లో మాత్రం +6 అలాగే ఉంది. ఈసారి వరస తిరగబడింది కాబట్టి లీకు కాకపోవచ్చు. ఎయిర్ ఫ్లో సెన్సార్‌కు దుమ్ము పట్టిందేమో, ఈ వారం విప్పి చూడాలి.