పాత బీటాక్యామ్ టేపులను డిజిటల్‌లోకి మార్పించుకోవడం: నల్లగొండలో నమ్మదగిన ఒక స్టూడియో

మా సాంస్కృతిక సంఘం బీరువాలో ఒగ్గు కథలు, చిందు యక్షగానాలు, చెర్వుగట్టు జాతర దృశ్యాలు ఉన్న టేపులు చాలా ఏళ్లుగా పడి ఉన్నాయి. టీవీ ఛానళ్లకు పనిచేసే కెమెరామెన్‌తో తీయించినవి కనుక వాటిలో ఎక్కువ బీటాక్యామ్ ఎస్పీ, కొన్ని డీవీక్యామ్, ఒకటి రెండు ముప్పావు అంగుళం యూమాటిక్ రకం వీడియో టేపులు. వీటిని ఫైళ్లుగా మార్చే పనిని నల్లగొండ ప్రకాశం బజార్ దగ్గరి ఒక చిన్న స్టూడియోకు అప్పగించాము. ఇలాంటి క్యాసెట్లు దాచుకున్నవారు ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఇంకా ఉన్నారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ఈ స్టూడియో నాకు నచ్చడానికి మొదటి కారణం, తీసుకెళ్లిన రోజు అక్కడ ఒక్క టేపునూ మెషీన్‌లో పెట్టకపోవడమే. అంతకుముందు వేరే ఊరి దుకాణంలో, నమూనా చూద్దామంటూ బూజు పట్టిన క్యాసెట్‌ను నేరుగా డెక్‌లోకి, అంటే టేపు ఆడించే మెషీన్‌లోకి, తోశారు. టేపు అంచు నలిగిపోవడమే కాక, ఆ బూజు టేపును చదివే హెడ్‌లకు అంటుకుని తర్వాత పెట్టిన క్యాసెట్ కూడా చారలు చారలుగా కనిపించింది. ఇక్కడి యజమాని మాత్రం ప్రతి క్యాసెట్ మూత ఎత్తి, టార్చి వెలుతురులో చుట్ట అంచులను పరిశీలించి, తెల్లని పొడి కనిపించిన వాటిని వేరే కవర్లో కట్టి పక్కన పెట్టారు. "టేపు లోపల పెట్టుడు అల్కనే సార్, ఇరుక్కున్నంక తీసుడే కష్టం" అన్నారు. పొరపాటున రికార్డింగ్ చెరిగిపోకుండా క్యాసెట్ల మీది ఎర్ర మీటలను కూడా ముందే సరిచూశారు.

టేపు ఆయుష్షు సాధారణంగా 10 నుంచి 30 ఏళ్లని చెబుతారు గాని, అది దాచిన తీరును బట్టి పెరుగుతుంది, తరుగుతుంది. అయస్కాంత కణాలను ప్లాస్టిక్ పట్టీకి పట్టి ఉంచే పాలీయురెథేన్ జిగురు గాలిలోని తేమను పీల్చుకుని నెమ్మదిగా విచ్ఛిన్నమవుతుంది, వేడి ఆ పనిని ఇంకా త్వరపెడుతుంది. 20 డిగ్రీలకు మించని చల్లదనం, 30 నుంచి 40 శాతం తేమ ఉండాల్సిన వస్తువును మనం ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే గదిలో ఇనుప బీరువాలో పెట్టి, ఆ వెంటనే వానాకాలపు చెమ్మకు వదిలేస్తున్నాము. జిగురు చెడిన టేపు ఆడేటప్పుడు కీచుమంటుంది, హెడ్‌లకు మడ్డి అంటుతుంది, బొమ్మ ఉన్నట్టుండి మాయమవుతుంది. అలాంటప్పుడు ఇంకొక్కసారి చూద్దామని ఆడిస్తే ఉన్న బొమ్మ కూడా రాలిపోతుంది. వెంటనే ఆపడమే సరైన పని. మా టేపుల్లో ఒకటి ఇలాగే అరిస్తే, 50 డిగ్రీల దగ్గర స్థిరంగా ఉండే పెట్టెలో గంటల తరబడి ఆరబెట్టి, చల్లారిన తర్వాతే ఆడించారు. ఈ చికిత్స ప్రభావం కొన్ని వారాలే ఉంటుంది కనుక ఆ లోపలే కాపీ తీసుకోవాలి. వంటింటి ఓవెన్‌లో వేడి నిలకడగా ఉండదు కాబట్టి ఇంట్లో ఈ ప్రయత్నం చేయకండి.

డెక్ సంరక్షణలోనూ వారి శ్రద్ధ మెచ్చదగింది. ప్రతి టేపు తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన మెత్తని తోలు పుల్లను హెడ్‌లు అమర్చిన డ్రమ్‌కు ఆనించి, డ్రమ్‌నే చేత్తో తిప్పుతూ తుడుస్తారు; పుల్లను పైకీ కిందికీ రుద్దితే సున్నితమైన హెడ్ విరుగుతుంది. పాజ్‌లో ఉంచితే తిరిగే హెడ్‌లు ఒకే చోట రాసుకుంటాయి కనుక మా ముందు ఒక్కసారి కూడా బొమ్మను నిలిపి చూపలేదు. 1986లో వచ్చిన బీటాక్యామ్ ఎస్పీకి ఇప్పుడు కొత్త డెక్‌లు లేవు. డ్రమ్ ఎన్ని గంటలు తిరిగిందో చెప్పే మీటర్‌ను అడగకుండానే చూపడం వల్ల నాకు వారిపై నమ్మకం పెరిగింది.

బీటాక్యామ్ ఎస్పీ వెలుగునూ రంగునూ వేరువేరుగా నమోదు చేస్తుంది. వీరు వాటిని వేరుగానే పంపే కాంపోనెంట్ తీగల ద్వారానే తీసుకుంటారు కనుక, రెంటినీ కలిపి పంపే ఒకే పసుపు తీగతో తీసినప్పుడు కలిగే రంగుల అలుకుడు మా ఫైళ్లలో లేదు. డీవీక్యామ్ టేపుల్లోని సమాచారాన్ని ఫైర్‌వైర్ అనే డిజిటల్ తీగ ద్వారా ఉన్నది ఉన్నట్టుగా దించారు. ఈ డిజిటల్ టేపుల విషయంలో ఆలస్యం ఇంకా ప్రమాదకరం: బొమ్మ మెల్లగా మసకబారి హెచ్చరించదు, గళ్లు గళ్లుగా విరిగి ఒక్కసారిగా పోతుంది.

నాకు అసంతృప్తి కలిగించింది ఒక్కటే. అడగకపోతే చిన్న ఎంపీ4 ఫైళ్లు మాత్రమే ఇస్తారు, అందులో సెకనుకు వచ్చే 25 ఫ్రేములలోని (పూర్తి బొమ్మలలోని) 50 ఫీల్డుల (సగం బొమ్మల) వివరం కొంత పోతుంది. కుదించని మాస్టర్ ఫైల్ కావాలని మొదటే చెప్పి, పెద్ద హార్డ్ డిస్కులు రెండు మీరే తీసుకెళ్లండి. పెళ్లి వీహెచ్ఎస్ క్యాసెట్ల రేటుతో పోలిస్తే ధర బాగా ఎక్కువే గాని, పడిన శ్రమకు న్యాయమే అనిపించింది. ఒక్కో టేపును పూర్తి నిడివి కూర్చుని చూస్తూ దించుతారు కనుక తొందర ఉన్నవారికి ఇది పనికిరాదు.

యూమాటిక్ డెక్ తమ దగ్గర లేదని ముందే చెప్పి, ఆ క్యాసెట్లను నిలువుగా, పూర్తిగా వెనక్కి చుట్టి ఉంచమని తిరిగి ఇచ్చారు. పనిచేసే యూమాటిక్ డెక్, దాన్ని శుభ్రం చేసే మనిషి రెండూ ఉన్న చోటు హైదరాబాద్‌లో ఎవరికైనా తెలిస్తే దయచేసి చెప్పండి.