పెట్రోకెమికల్ ప్లాంటుకు ఎవరి డబ్బు మేలు? జనం షేర్లా, సర్కారు వాటానా, బ్యాంకు అప్పా?

సబ్బుల ఫ్యాక్టరీ పెట్టేవాడు ముందు చిన్న షెడ్డు వేసుకుని, సరుకు అమ్ముకుంటూ మిగతాది కట్టుకోవచ్చు. ముడిచమురు నుంచి వచ్చే నాఫ్తాను విడగొట్టి, ప్లాస్టిక్కుకు కావలసిన రసాయనాలు తీసే నాఫ్తా క్రాకర్‌కు ఆ వెసులుబాటు లేదు. ఫర్నేసులు, కంప్రెసర్లు, గ్యాసులను విడదీసే టవర్లు, పాలిమర్ యూనిట్లు, ట్యాంకులు, పైపులైన్లు అన్నీ సిద్ధమయ్యాకే అమ్ముకోగలిగే సరుకు బయటికొస్తుంది. అప్పటిదాకా నాలుగైదేళ్లు పైసా రాబడి ఉండదు. ఉన్నదంతా ఖర్చే.

ఒక లెక్క వేసుకుందాం. ప్లాంటుకు 10,000 కోట్లు అవుతుందనుకోండి. అందులో 70 పాళ్లు అప్పు, 30 పాళ్లు ప్రమోటర్ల, అంటే ప్లాంటు పెట్టేవాళ్ల, సొమ్ము. అప్పు 7,000 కోట్లు, వడ్డీ 10 శాతం. డబ్బంతా ఖర్చయ్యాక పని ఒక్క ఏడాది సాగితే వడ్డీయే 700 కోట్లు. అంటే రోజు గడిస్తే దాదాపు రెండు కోట్లు. ఈ వడ్డీ ప్లాంటు ఖర్చులోకే ఎక్కుతుంది, 10,000 కాస్తా 10,700 అవుతుంది. పెరిగిన 700 ఎవరు తేవాలన్న దగ్గర ప్రమోటరుకూ బ్యాంకులకూ రగడ మొదలవుతుంది. ఆ రగడలో ఇంకో ఆరు నెలలు పోతాయి.

అందుకే ఏ డబ్బు చౌక అన్న పోలికను నేను పెద్దగా పట్టించుకోను. పని ఆలస్యమైనా ఓపిక పట్టే డబ్బు ఏది అన్నదే చూస్తాను. మన దేశంలో ఈ రంగంలోకి దిగిన పారిశ్రామికవేత్తలు మూడు దారులు పట్టారు. ముగ్గురి కథలూ మూడు రకాలుగా నడిచాయి.

మొదటిది ధీరూభాయ్ అంబానీ దారి. యెమెన్‌లోని ఏడెన్‌లో ఉద్యోగం చేసి 1958లో తిరిగొచ్చి, నూలు వ్యాపారంతో మొదలుపెట్టి, అహ్మదాబాద్ దగ్గర నరోడాలో బట్టల మిల్లు పెట్టిన మనిషి. 1977లో తన కంపెనీ రిలయన్స్ షేర్లను జనానికి అమ్మాడు. ఆ తర్వాత ఆయన ఎక్కువగా వాడిన ఆయుధం డిబెంచరు. కాగితం మీద అది అప్పే, వడ్డీ కట్టాలి, గడువుకు అసలు తిరిగివ్వాలి. ఆయన ఆ అసలు తిరిగివ్వకుండా షేర్లుగా మార్చేశాడు.

1980ల మొదట్లో జరిగిన ఒక మార్పిడిని దగ్గరగా చూస్తే కిటుకు అర్థమవుతుంది. మామూలుగా షేర్లుగా మారని డిబెంచర్లను కూడా ప్రభుత్వ అనుమతితో మార్చారు. ప్రతి 100 రూపాయల డిబెంచరుకు 1.4 షేర్లు ఇచ్చారు. అలా 73.5 కోట్ల అప్పు పద్దుల్లోంచి మాయమైంది. దాని బదులు పెరిగిన మూలధనం 10.3 కోట్లు మాత్రమే, ఎందుకంటే షేరు ముఖవిలువ (కాగితం మీద రాసిన విలువ) 10 రూపాయలు. ముఖవిలువకు మించిన మిగతాదంతా ప్రీమియంగా రిజర్వుల్లో చేరింది. మరి డిబెంచరుదారుడు ఎందుకు ఒప్పుకున్నాడు? అతని చేతికి ఒక్కో షేరు సుమారు 71 రూపాయలకు వచ్చినట్టు. మార్కెట్లో రిలయన్స్ షేరు అంతకంటే ఎక్కువకే పోతోంది. కంపెనీకి అప్పు తీరింది, అతనికి లాభం కనిపించింది. ఇద్దరూ సంతోషమే.

అయితే ఈ బండి నడవాలంటే షేరు ధర ఎప్పుడూ పైనే ఉండాలి. ధర పడితే మార్పిడికి ఎవడూ ఒప్పుకోడు, అప్పు అప్పుగానే మిగిలిపోతుంది. అందుకే ఆ కంపెనీకి స్టాక్ మార్కెట్ మీద అంత ధ్యాస. ఆ ధ్యాస చుట్టూ నడిచిన వివాదాలు అందరికీ తెలిసినవే, ఇక్కడ తవ్వను.

జనం డబ్బుకు ఉన్న అసలు గుణం ఓపిక. 1988లో రిలయన్స్ పెట్రోకెమికల్స్ పేరుతో హజీరా ప్లాంటు కోసం 593 కోట్ల పైచిలుకు డిబెంచర్లు అమ్మారు. అప్పటికి దేశంలో అదే పెద్ద ఇష్యూ. 1993లో జామ్‌నగర్ రిఫైనరీ కోసం రిలయన్స్ పెట్రోలియం రెండు వేల కోట్లకు పైగా తెచ్చింది. రిఫైనరీ మొదలైంది 1999లో. మధ్యలో 1998 జూన్‌లో గుజరాత్ తీరాన్ని తుపాను ఊడ్చేసింది. బ్యాంకు అప్పయితే ఈ ఆరేళ్లలో ఎన్నిసార్లు లెటర్లు వచ్చేవో! వాటాదారుడు లెటరు రాయడు. విసుగొస్తే మార్కెట్లో అమ్ముకుని పోతాడు, కంపెనీలో ఉన్న డబ్బు మాత్రం కదలదు.

ఆ ఓపిక ఖరీదు చిన్న మదుపరే కట్టాడన్నది కూడా చెప్పుకోవాలి. రిలయన్స్ పెట్రోకెమికల్స్‌ను 1992లో మాతృసంస్థలో కలిపేసినప్పుడు పది షేర్లకు ఒక్క రిలయన్స్ షేరు ఇచ్చారు. పట్టుకుని కూర్చున్నవాడికి తర్వాత గిట్టింది, మధ్యలో అమ్ముకున్నవాడికి గిట్టలేదు.

ఇంకో విషయం చాలామంది వదిలేస్తారు. ఆయన ఒక్కసారిగా క్రాకర్ మీద పడలేదు. ముందు బట్ట, 1982లో పాతాళగంగలో పాలిస్టర్ నూలు, తర్వాత ఆ నూలుకు కావలసిన రసాయనాలు, తర్వాత హజీరా, చివరికి ముడిచమురు. ప్రతి మెట్టు దగ్గరా సరుకు కొనే గిరాకీ తన సొంత ప్లాంటులోనే ఉంది. జనం నమ్మింది ఆ వరుసను చూసే. ఈ వరుస లేనివాడు "నేనూ జనం దగ్గరకే పోతా" అంటే నాకు టెన్షన్.

రెండోది హల్దియా దారి. పశ్చిమ బెంగాల్లో పెట్రోకెమికల్ కాంప్లెక్సు మాట 1970ల నుంచీ ఉంది. 1989లో రాజీవ్ గాంధీ శంకుస్థాపన చేశారు. అయినా భాగస్వాములు మారుతూ పని నానుతూ వచ్చింది. 1994లో పూర్ణేందు ఛటర్జీ రంగంలోకి వచ్చారు. ఖరగ్‌పూర్ ఐఐటీ, బర్కిలీలో పీహెచ్‌డీ, మెకిన్సే, ఆపైన జార్జ్ సోరోస్‌తో పెట్టుబడులు. రాష్ట్ర ప్రభుత్వ సంస్థకు 43, ఛటర్జీకి 43, టాటాలకు 14 శాతం అని ఒప్పందం రాసుకున్నారు. ప్రాజెక్టు ఖర్చు సుమారు 5,170 కోట్లు. అందులో సింహభాగం బ్యాంకులు, ఆర్థిక సంస్థలు ఇచ్చిన అప్పు.

కాగితం మీద ఇంతకంటే మంచి ఏర్పాటు ఉండదు. సర్కారు ఉంది కాబట్టి భూమి, నీళ్లు, అనుమతులు సులువు. విదేశీ డబ్బు తెలిసిన మనిషి ఉన్నాడు. టాటాల పేరు ఉంది. బ్యాంకులకు ఇంకేం కావాలి?

చిక్కు ఆ 43, 43 దగ్గరే ఉంది. ఇద్దరూ సమానమే అన్నప్పుడు, అదనంగా డబ్బు పెట్టాల్సి వచ్చినరోజు ఎవరు ముందు పెట్టాలి? ఎవరి వాటా పెరగాలి? పగ్గాలు ఎవరి చేతికి రావాలి? ప్లాంటు ఉత్పత్తి మొదలుపెట్టే సమయానికి పెట్రోకెమికల్ ధరలు కిందికి జారి ఉన్నాయి. మూలధనం పలుచన, అప్పు చిక్కన. అప్పులను తిరగరాసుకోవాల్సి వచ్చింది. తర్వాత ఇండియన్ ఆయిల్‌ను వాటాదారుగా తీసుకురావడం మీద గొడవ ముదిరి కంపెనీ లా బోర్డుకు, హైకోర్టుకు, సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2011లో సుప్రీంకోర్టులో ఛటర్జీ ఓడిపోయారు. 2014 జూలైలో ప్లాంటు ఆగిపోయి నెలల తరబడి అలాగే ఉండిపోయింది, నాఫ్తా కొనడానికి వర్కింగ్ క్యాపిటల్ (రోజువారీ నడపడానికి కావలసిన డబ్బు) లేక. పదిహేనేళ్లు కూడా నిండని క్రాకర్ ఫీడ్‌కు డబ్బుల్లేక చల్లారిపోయిందంటే తప్పు యంత్రాలది కాదని వేరే చెప్పాలా?

చివరికి సర్కారు తన షేర్లను ఛటర్జీ గ్రూపుకే అమ్మి తప్పుకుంది. పగ్గాలు ఒక చేతికి రాగానే కథ ఎలా మారిందో చూడండి. 2020లో అదే గ్రూపు, ఇంకో పెట్టుబడి సంస్థతో కలిసి, ప్రపంచంలోని ఎన్నో క్రాకర్లకు సాంకేతికత అమ్మే లమ్మస్ టెక్నాలజీని దాదాపు 272 కోట్ల డాలర్లకు కొన్నది. ప్లాంటు అదే, ఊరు అదే. మారింది మాట చెల్లే మనిషి ఎవరన్నదే.

సర్కారు వాటా చెడ్డదని నేను అనను. సమాన వాటా చెడ్డది. 26 శాతం ఇచ్చి, రేపు డబ్బు కావాల్సొస్తే ఎవరు తేవాలో, తేలేనివారి వాటా ఎంత తగ్గుతుందో ముందే రాసుకుంటే నడుస్తుంది. రాజస్థాన్‌లోని బాడ్‌మేర్ రిఫైనరీలో ప్రభుత్వరంగ చమురు కంపెనీ హెచ్‌పీసీఎల్‌కు 74, రాష్ట్రానికి 26. అక్కడా ఖర్చు 43,129 కోట్ల నుంచి 2023లో 72,937 కోట్లకు సవరించారు. అంత పెరిగినా పనులు కోర్టు గుమ్మం దగ్గర ఆగలేదు, ఎవరు నడపాలన్నది తేలిపోయి ఉంది కాబట్టి.

మూడోది కడలూరు దారి. ఇది మన తెలుగువాళ్లకు దగ్గరి కథ. కాకినాడలో ఎరువుల ఫ్యాక్టరీ కట్టి నడిపిన నాగార్జున గ్రూపు, తమిళనాడు తీరంలో కడలూరు దగ్గర 60 లక్షల టన్నుల రిఫైనరీ తలపెట్టింది. తమిళనాడు పారిశ్రామికాభివృద్ధి సంస్థ టిడ్కో భాగస్వామి. విదేశంలో వాడిన రిఫైనరీ యంత్రాలను తెచ్చి ఇక్కడ బిగిస్తే ఖర్చు కలిసొస్తుందన్నది ఆలోచన. పెట్టుబడిలో పెద్ద భాగం బ్యాంకుల కన్సార్షియం, అంటే కొన్ని బ్యాంకులు కలిసి ఇచ్చిన అప్పు.

2011 డిసెంబరు 30న థానే తుపాను సరిగ్గా కడలూరు, పుదుచ్చేరి మధ్య తీరం దాటింది. సగం కట్టిన ప్రాజెక్టు దెబ్బతింది. ఇక్కడే పైన వేసిన లెక్క నిజమైంది. బాగుచేయడానికి డబ్బు కావాలి, ఖర్చు అంచనా పెరిగింది, కన్సార్షియంలో ప్రతి బ్యాంకూ పక్కబ్యాంకు వైపు చూస్తుంది, వడ్డీ మాత్రం ఎవరివైపూ చూడకుండా పెరుగుతుంది. చివరికి కేసు దివాలా ట్రిబ్యునల్‌కు చేరి, లిక్విడేషన్‌కు, అంటే ఆస్తులమ్మి అప్పు తీర్చే దశకు, వెళ్లింది. ఆ ఆస్తులను కొన్నది ఎవరనుకుంటున్నారు? హల్దియా పెట్రోకెమికల్సే. ఒకప్పుడు అప్పుల్లో మునిగి తేలినవాడే, అప్పుల్లో మునిగిపోయినవాడి ఆస్తి కొన్నాడు.

తుపాను ఇద్దరికీ వచ్చింది, జామ్‌నగర్‌కూ కడలూరుకూ. నష్టం తీరు, కంపెనీల స్తోమత వేరు కాబట్టి నేరుగా పోల్చడం న్యాయం కాదు. ఒక్కటి మాత్రం స్పష్టం: ఒకచోట అదనపు డబ్బు తేగల మాతృసంస్థ వెనక ఉంది, రెండోచోట అప్పిచ్చినవాళ్ల మీటింగు ఉంది.

ప్రభుత్వరంగ సంస్థ ఒడిలో కూర్చోవడం నాలుగో దారి. గుజరాత్‌లోని దహేజ్‌లో ఓఎన్‌జీసీ పెట్టుబడితో వచ్చిన పెట్రోకెమికల్ కంపెనీ ఓపాల్‌ను చూడండి. ఖర్చు మొదటి అంచనాకు రెట్టింపు దాటింది, అప్పు భారం మోయలేకపోయింది, చివరికి 2024లో ఓఎన్‌జీసీ మరింత మూలధనం పోసి తన వాటాను 95 శాతం దాటించుకుంది. ప్లాంటు బతికింది. కాని అది పారిశ్రామికవేత్తకు దొరికే సౌకర్యం కాదు.

మరి ఏది మేలు? ఇప్పటికే లాభాల్లో నడుస్తున్న ప్లాంటు ఉండి, కొత్త ప్లాంటు సరుకులో సగమైనా తానే వాడుకోగలిగినవాడికి జనం డబ్బే మేలు. వాయిదాల్లో తెచ్చుకోవడం ఇంకా మేలు. 2020లో రిలయన్స్ 53 వేల కోట్ల రైట్స్ ఇష్యూలో (ఉన్న వాటాదారులకే కొత్త షేర్లు అమ్మడంలో) షేరుకు 1,257 రూపాయలు అని, దరఖాస్తుతో పావు వంతే తీసుకుంది, మిగతాది 2021లో రెండు విడతలుగా వసూలు చేసుకుంది. ఆ డబ్బు అప్పు తగ్గించుకోవడానికే వాడినా, పద్ధతి మాత్రం ప్లాంటు కట్టేవాడికి అచ్చంగా సరిపోతుంది.

మొదటిసారి దిగేవాడికి భాగస్వామి తప్పదు. సర్కారైనా, చమురు కంపెనీ అయినా, సమాన వాటా మాత్రం వద్దు. బ్యాంకు అప్పు ఒక్కదాన్నే నమ్ముకుని, ఖర్చు పెరిగితే ఆదుకునే మనిషి లేకుండా, కొత్తగా క్రాకరో రిఫైనరీయో కట్టడాన్ని నేను ఎవరికీ సలహా ఇవ్వను. ముందే ఏడాదికి సరిపడా వడ్డీ పక్కన పెట్టుకోగలిగితే తప్ప.

మన దగ్గర విశాఖ, కాకినాడ మధ్య పెట్రోకెమికల్ రీజియన్‌కు 2009లోనే అనుమతి వచ్చింది. కాకినాడలో హెచ్‌పీసీఎల్, గెయిల్ కలిసి క్రాకర్ కడతామని 2017లో ఒప్పందం రాసుకున్నా, వయబిలిటీ గ్యాప్ (ప్రాజెక్టు గిట్టుబాటు కావడానికి తక్కువపడే సొమ్ము) ఎవరు పూడ్చాలన్న దగ్గరే బండి ఇరుక్కుంది. రాష్ట్రం కేంద్రం వైపు, కేంద్రం రాష్ట్రం వైపు. ఇప్పుడు రామాయపట్నం వంతు. అక్కడ రిఫైనరీ, పెట్రోకెమికల్ కాంప్లెక్సు కోసం 2024 డిసెంబరులో ప్రభుత్వరంగ చమురు కంపెనీ బీపీసీఎల్ ముందస్తు పనులకు 6,100 కోట్లు ఆమోదించింది. దానికి సొంత స్తోమత ఉంది, కాబట్టి ఆ కంపెనీ గురించి నాకు బెంగ లేదు. నా బెంగ దాని పక్కన పైపులు, సంచులు, ప్లాస్టిక్ సామాను యూనిట్లు పెడదామని చూసే చిన్న పారిశ్రామికవేత్తల గురించి. బ్యాంకును మారటోరియం (వాయిదాలు కట్టడం మొదలుపెట్టేదాకా గడువు) అడిగేటప్పుడు కాంప్లెక్సు ప్రారంభ తేదీగా పేపర్లో వచ్చిన తేదీ రాయకండి. దానికి రెండేళ్లు కలిపి రాయండి.