ఔట్‌బోర్డ్ ఇంజిన్ వేడెక్కుతుంటే ముందు ఏది చూడాలి: ఇంపెల్లరా, థర్మోస్టాటా?

పడవ వెనక బిగించే ఔట్‌బోర్డ్ ఇంజిన్‌లో వేడి అలారం మోగిందంటే చాలామంది ముందు థర్మోస్టాట్ (వేడిని బట్టి నీటి దారిని తెరిచి మూసే వాల్వు) మార్చేస్తారు. ఎందుకంటే అది పైనే ఉంటుంది, కొన్ని బోల్టులు విప్పితే చేతికొస్తుంది. ఇంపెల్లర్ (నీటి పంపులో తిరిగే రబ్బరు రెక్కల చక్రం) కోసమైతే కింది గేర్‌కేస్ మొత్తం దించాలి, గేరు రాడ్డు విడదీయాలి, మళ్లీ సరిగ్గా కూర్చోబెట్టాలి. పని పెద్దదని దాన్ని వాయిదా వేస్తారు. నా ఉద్దేశంలో ఏది ముందు విప్పాలో తేల్చాల్సింది పని సులువు కాదు, ఇంజిన్ నుంచి చిమ్మే సన్నటి నీటి ధార.

ధార బలహీనపడినా, ఆగి ఆగి వస్తున్నా ఇంజిన్ ఆపి నీళ్లు పీల్చే జాలీ చూడండి. ప్లాస్టిక్ సంచో, నాచో అతుక్కుని ఉండొచ్చు. ధార బయటికొచ్చే రంధ్రంలో ఇసుక చేరితే సన్నటి తీగతో తీసేయండి. రెండూ శుభ్రంగా ఉన్నాయంటే అనుమానించాల్సింది ఇంపెల్లర్‌నే.

బయటికి తీశాక రబ్బరు రెక్కలను వేలితో వంచి వదలండి. మంచిదైతే వెంటనే నిటారుగా లేస్తాయి. పాతబడితే ఒకే పక్కకు వంగి అలాగే ఉండిపోతాయి, మొదళ్లలో పగుళ్లు కనిపిస్తాయి. ఒక్క రెక్క విరిగి ఉన్నా ఆ ముక్క దొరికేదాకా వెతకాల్సిందే. అది నీటి దారిలో ఇరుక్కుంటే కొత్త ఇంపెల్లర్ వేసినా వేడి తగ్గదు. పంపు లోపలి గోడ మీద గీతలు పడితే దాన్నీ మార్చండి. ఇంకో మాట, నీళ్లు లేకుండా ఇంజిన్ కాసేపు నడిపినా కొత్త రెక్కలు కూడా కాలిపోతాయి.

ధార బలంగానే ఉండి ఇంజిన్ వేడెక్కుతుంటే థర్మోస్టాట్‌ను చూడాలి. చాలా ఇంజిన్లలో ఆ ధార థర్మోస్టాట్ కంటే ముందే చీలిపోతుంది. అంటే పంపు బాగుందని తెలుస్తుందే తప్ప, ఇంజిన్ లోపల నీళ్లు తిరుగుతున్నాయని కాదు. ఐడిల్‌లో వేడెక్కి, వేగం పెంచితే చల్లబడుతుంటే థర్మోస్టాట్ మూసుకుపోయిందన్న అనుమానం మరీ బలపడుతుంది. ఎందుకంటే ప్రెషర్ వాల్వు ఉన్న ఇంజిన్లలో వేగం పెరిగితే నీటికి ఇంకో దారి తెరుచుకుంటుంది.

థర్మోస్టాట్‌ను పరీక్షించడం తేలికే. దారం కట్టి గిన్నెలో నీళ్లలో వేలాడదీసి, థర్మామీటరు పెట్టి వేడి చేయండి. చాలా ఔట్‌బోర్డులలో 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర తెరుచుకోవడం మొదలవుతుంది. దాని మీద అచ్చేసిన అంకె ఉంటే అదే లెక్క. ఉప్పు పేరుకుని కదలకపోతే మార్చేయాలి. థర్మోస్టాట్ తీసేసి నడపడం మాత్రం వద్దు. ఇంజిన్ ఎప్పుడూ చల్లగానే ఉండిపోయి, ఫోర్ స్ట్రోక్ అయితే మండని పెట్రోలు ఆయిల్లో కలుస్తుంది.

ఇంపెల్లర్ ఎప్పుడు మార్చారో తెలియని సెకండ్ హ్యాండ్ ఇంజిన్ అయితే నేను ధార సంగతి పక్కనబెట్టి ముందు ఇంపెల్లరే మారుస్తాను. పాత థర్మోస్టాట్‌ను గిన్నెలో పరీక్షించి నమ్మొచ్చు, వయసు తెలియని రబ్బరును నమ్మలేం. రెండూ బాగుండి ఇంకా వేడెక్కుతుంటే నీటి దారుల్లో ఉప్పు గట్టిపడిందో, హెడ్ గాస్కెట్ (ఇంజిన్ హెడ్ కింద ఉండే సీలు) పోయిందో మెకానిక్‌తో చూపించుకోండి. అప్పటిదాకా ఆ ఇంజిన్ నడపొద్దు.